ముదీర్ చేతికిచ్చిన ఎంగిలి ప్లేటు

నా తర్వాత మస్కట్‌లోని మా రూవీ ఆఫీసులో నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "మేడం, కస్టమర్ ఎదురుగా కూర్చుని ఏడిస్తే ఏం చెయ్యాలి? ట్రైనింగ్‌లో చెప్పలేదు" అంది. "టిష్యూ పెట్టె దగ్గర పెట్టుకో. మొదటిది నువ్వు తీసుకో" అన్నాను. నవ్వింది కానీ ఆ పిల్లకి నవ్వొచ్చే పరిస్థితి లేదని గొంతులోనే తెలిసింది. ఆ ఫోన్ పెట్టేశాక ఇది రాయడం మొదలుపెట్టాను. ఇళ్ళకి అప్పులిచ్చే, ఆ అప్పులు వసూలు చేసే ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం. ఫారాలు నింపడం మీకు వారంలో వచ్చేస్తుంది. మిగతాది నాకు మస్కట్‌లో సగం జీవితం పట్టింది.

నేను కాకినాడ మనిషిని. మావారి ఉద్యోగం వెంట మస్కట్ వెళ్ళి, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక ఈ ఉద్యోగంలో చేరాను. మాది మన దేశపు గృహరుణ సంస్థకి చెందిన చిన్న ఆఫీసు. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళు ఇండియాలో ఇల్లు కొనుక్కోడానికి అప్పిస్తాం. కిస్తీలు ఆగితే అడుగుతాం. అడిగే పని నాది. పళ్ళ డాక్టరు దగ్గరికీ నా దగ్గరికీ ఎవరూ ఇష్టపడి రారు.

సోఫా, బెంచీ

నేను చేరినప్పుడు మా ఆఫీసులో మేనేజర్ గదిలో ఒక సోఫా, బయట ఒక బెంచీ ఉండేవి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎక్కడా రాసి లేదు. అప్పటి మేనేజర్ ఒక బెంగుళూరు ఆయన. మనిషి లోపలికి రాగానే చొక్కా చూసేవాడు, తర్వాత ఒంటి రంగు చూసేవాడు. తెల్లగా, టై కట్టుకుని వస్తే సోఫా, కాఫీ. ఎండకి నల్లబడి సేఫ్టీ బూట్లతో వస్తే బెంచీ. బెంచీ మీద కూర్చునేవాళ్ళు ఎక్కువగా మన కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు. వాళ్ళకి ఇది కొత్త కాదు. సైట్‌లో ఒకే క్రేన్ కింద ఒకే బోల్టు బిగించే ముగ్గురికి వాళ్ళ పాస్‌పోర్టును బట్టి మూడు జీతాలు ఉంటాయని వాళ్ళే నాకు చెప్పారు.

సోఫా మీద కూర్చున్నవాళ్ళ అప్పులేమైనా బాగున్నాయా అంటే, అదీ లేదు. సెంటు గుప్పుమనే ఒకాయన రెండు విల్లాలకి అప్పు తీసుకుని ఒకదాని కిస్తీ కూడా కట్టలేక మాకు కనిపించకుండా తిరిగేవాడు. అయినా మా మేనేజర్ ఆయన్ని "తాత్కాలిక ఇబ్బంది" అనేవాడు. బెంచీ మనిషి ఒక్క నెల ఆలస్యం చేస్తే "వీళ్ళింతే" అనేవాడు. మొదట్లో అది నాకూ మామూలుగానే అనిపించేది. రోజూ చూసేది వింతగా ఎందుకుంటుంది?

ఆయన వెళ్ళాక ఒమానీ మేనేజర్ వచ్చారు. పేరు హమూద్. అందరం ముదీర్ అనేవాళ్ళం, అంటే మేనేజర్ అనే. ఆరడుగుల మనిషి, బాగా నల్లటి ఛాయ. వాళ్ళ నాన్నగారు ఈయన చిన్నప్పుడు ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ నుంచి తిరిగొచ్చిన ఒమానీ. ఇంట్లో స్వాహిలీ, బయట అరబీ, మాతో బజారు హిందీ, కోపం వస్తే ఇంగ్లీషు. వచ్చిన వారంలోనే సోఫాని తన గదిలోంచి బయటికి లాగించి బెంచీ పక్కన వేయించారు. "ముందొచ్చినవాళ్ళు మెత్తగా కూర్చుంటారు" అన్నారు. అంతే, పెద్ద ఉపన్యాసం ఏమీ లేదు.

సార్ అన్నాక ధర ఎక్కువంటామా?

ఏడాదికోసారి హైదరాబాద్ బిల్డర్లు మస్కట్ వచ్చి రూవీలో ఒక పెద్ద హోటల్లో ఇళ్ళ మేళా పెట్టేవాళ్ళు. శుక్రవారం సెలవు కదా, కార్మికులుండే క్యాంపుల నుంచి బస్సులు కూడా వాళ్ళే పెట్టేవాళ్ళు. మామూలు శుక్రవారం అదే హోటల్ గుమ్మం దగ్గర ఆగితే "ఎవరు కావాలి?" అని అడిగే మనిషి, ఆ రోజు తలుపు తీసి పట్టుకునేవాడు. లోపల చల్లటి ఏసీ, జ్యూసు, సమోసా, చికెన్, గాజు డబ్బాలో బొమ్మ ఇళ్ళు, బొమ్మ ఈతకొలను. ఇక ప్రతివాడినీ సార్, సార్ అనడం.

అక్కడే లచ్చన్నని మొదటిసారి చూశాను. మెట్‌పల్లి దగ్గర పల్లె ఆయనది. మస్కట్‌కి దూరంగా ఉన్న సోహార్‌లో ప్లాంటుల చుట్టూ ఇనుప పైపులతో పరంజా కట్టే ముఠాకి ఫోర్‌మన్. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్లేటులో ఉన్నది తినేసి, ఆ ఎంగిలి ప్లేటు ఎక్కడ పెట్టాలో తెలియక చూస్తున్నాడు. గోడ దగ్గర టీ షర్టులో చేతులు కట్టుకుని ఒక నల్లటి పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. లచ్చన్న తిన్నగా వెళ్ళి, "లేలో భాయ్" అని ప్లేటు ఆయన చేతిలో పెట్టి, మళ్ళీ బొమ్మ ఇళ్ళ దగ్గరికి పోయాడు.

ఆ మనిషి మా ముదీర్. బిల్డర్లు మా కస్టమర్లతో ఎలా మాట్లాడతారో చూద్దామని సెలవు రోజు మామూలు బట్టల్లో వచ్చారు. ఎంగిలి ప్లేటు! మనలో సొంత తమ్ముడి చేతికిచ్చినా "నేను నీ పనివాణ్ణా?" అని ఎగిరిపడతాడు. ముదీర్ దాన్ని తీసుకెళ్ళి బల్ల కింద తొట్టిలో వేసి, చేతులు తుడుచుకుని నా వైపు తిరిగి, "ఈ ఉద్యోగం పోతే ఇంకోటి దొరికింది" అన్నారు. ఆయన నవ్వారు కానీ నాకు తల కొట్టేసినట్టయింది. తెల్లగా ఉన్నవాడు గోడ దగ్గర నిలబడి ఉంటే లచ్చన్న ప్లేటు ఇచ్చేవాడా? బెంచీ మీద కూర్చోబెడితే బాధపడే మనమే, మనకన్నా ఒక ఛాయ నల్లగా ఉన్నవాణ్ణి చూడగానే పనివాడనుకుంటాం.

ఆ రోజు సాయంత్రానికి లచ్చన్న హైదరాబాద్ శివార్లలో చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర కాపలా ఉన్న కాలనీలో ఫ్లాట్‌కి సంతకం పెట్టాడు. అడ్వాన్సు కోసం భార్య లత బీడీలు చుట్టి కూడబెట్టిన పీఎఫ్ సొమ్ము తీశారు. అంత పెద్దది ఎందుకు తీసుకున్నావని తర్వాత అడిగాను.

"ఇన్నేండ్ల గల్ఫ్‌ల నన్ను సార్ అన్నది గాళ్ళే అక్కా. సార్ అన్నంక ధర ఎక్కువున్నదని ఎట్లంట?" అన్నాడు.

పిల్లలూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. మనుషులు లెక్కలు రాక అప్పుల్లో పడరు. లచ్చన్నకి లెక్కలు బాగానే వచ్చు. తన స్థోమతకి మించిన ఇంటితో పాటు ఆయన ఇంకేదో కొనుక్కున్నాడు. మర్యాద ఎక్కడా దొరకనివాడికి దాన్ని ఇంటితో కలిపి అమ్మితే ఎంతకైనా కొంటాడు.

ఓటీ జీతం కాదు

ఇక మా పాపం. సోహార్‌లో ప్లాంటు ఆపేసి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనులు నడుస్తున్నప్పుడు ఓటీ, అంటే ఓవర్‌టైమ్, విపరీతంగా ఉంటుంది. లచ్చన్న చేతికొచ్చే డబ్బులో సగానికి దగ్గర ఓటీయే. ఆ ఓటీని కూడా జీతంలో కలిపి అప్పు ఇవ్వొచ్చని మా హైదరాబాద్ పెద్దాఫీసు పద్ధతి పెట్టింది. కలిపితేనే కిస్తీ కట్టగలడని కాగితం మీద తేలుతుంది. కలిపాం, ఇచ్చాం. ఎండాకాలంలో మధ్యాహ్నం పని ఆపుతారనీ, షట్‌డౌన్ అయిపోతే ఓటీ ఉండదనీ సోహార్‌లో ఏ టీ కొట్టువాడిని అడిగినా చెబుతాడు. పెద్దాఫీసులో ఎవరూ టీ కొట్టువాడిని అడగరు.

లత, ఇద్దరు పిల్లలు ఫ్లాట్‌లోకి మారారు. లచ్చన్నకి సెలవు దొరకలేదు. ఇంటాయన లేకుండానే లత పాలు పొంగించుకుని లోపలికి వెళ్ళింది. తర్వాత షట్‌డౌన్ అయిపోయింది, కొత్త పని రాలేదు, ఓటీ ఆగింది. కిస్తీలు ఆగాయి. మొదట లచ్చన్న ఫోన్ తీసి "వచ్చే నెల మేడం" అనేవాడు. తర్వాత తీయడం మానేశాడు. పెద్దాఫీసు నుంచి వేలం మాట వచ్చింది. ఫ్లాట్ వేలానికి వెళ్తే లత పీఎఫ్ పోతుంది, ఇల్లు పోతుంది. ధర తక్కువ పలికితే అప్పు ఇంకా మిగిలే ఉంటుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

వేలం కాగితం ముదీర్ బల్ల మీద పెట్టాను. చదివి, "ఈయన ఎవరు?" అన్నారు. మీకు ప్లేటు ఇచ్చినాయన అన్నాను. కాగితం పక్కన పెట్టి, "శుక్రవారం సోహార్ వెళ్దాం. కారు నేను నడుపుతాను, నువ్వు నడిపితే ఆదివారానికి చేరతాం" అన్నారు.

పుంటికూర పప్పు

క్యాంపులో లచ్చన్న గది తలుపు తట్టగానే ఆయనే తీశాడు. నన్ను చూసి మొహం పాలిపోయింది. నా వెనక పాదాల దాకా తెల్లటి దిష్‌దాషా అంగీ, తలమీద అంచు కుట్టిన ఒమానీ టోపీతో నిలబడ్డ మనిషి మొహాన్ని రెండుసార్లు చూశాడు. నన్ను పక్కకి పిలిచి, "అక్కా, ఈ సార్‌కేనా నేను హోటల్ల ఎంగిలి ప్లేట్ ఇచ్చింది? ఇగ నా ఇల్లు పాయె" అన్నాడు.

ముదీర్‌కి ప్లేటు అన్న ముక్క అర్థమైంది. "యాద్ హై. సమోసాలో ఆలూ వదిలేశావు" అన్నారు హిందీలో. గదిలో ఉన్న కుర్రాళ్ళంతా ఒక్కసారి నవ్వేశారు. లచ్చన్న నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డాడు.

భోజనం వేళ. వద్దన్నా వినలేదు. నేల మీద పేపర్లు పరిచారు. గది వెనక ఏసీ నీళ్ళు కారే చోట వాళ్ళు పుంటికూర, అదే మా గోంగూర, పెంచుకుంటున్నారు, దాంతో పప్పు. ముదీర్ కాళ్ళు మడుచుకుని కూర్చుని చేత్తో కలుపుకుని తిన్నారు. పులుపుకి ఒక కన్ను మూసుకుని, ఇంకొంచెం వేయించుకున్నారు. అప్పు మాట ఎత్తలేదు. తినడం అయ్యాక తన సంగతి చెప్పారు.

"మస్కట్ శివార్లలో, అల్ ఖౌద్‌లో నేను రెండంతస్తుల ఇల్లు కట్టాను. నా జీతానికి ఒక అంతస్తు చాలు. మా వాళ్ళలో కొందరు నా రంగు చూసి, మా నాన్న ఎక్కడినుంచి వచ్చాడో గుర్తుచేసేవాళ్ళు. ఇల్లు పెద్దదైతే ఇల్లు చూస్తారు, నా మొహం చూడరు అనుకున్నాను. బ్యాంకువాడు మాత్రం ప్రతి నెలా నా మొహమే చూశాడు. చివరికి ఇల్లంతా యూనివర్సిటీలో పనిచేసేవాళ్ళకి అద్దెకిచ్చి, గ్యారేజీ పక్క రెండు గదుల్లో ఉన్నాం."

"మేడం ఏమనలేదా సార్?" అన్నాడు లచ్చన్న.

"ఆవిడే ముందు సామాను సర్దింది."

లచ్చన్న తల వంచుకున్నాడు. "గా ఫ్లాట్ ఖాళీ జేసి ఊరికి వోతే నా పెండ్లాం పిల్లలు ఏమనుకుంటరు? ఊర్ల మొకం ఎట్ల జూపియ్యాలె? ఓటీ బందైన సంగతి గూడ లతకు చెప్పలే అక్కా."

నాకు ఒళ్ళు మండింది. "చెప్పకుండా ఏం చేద్దామని? వేలంపాటకి పిలుస్తావా ఆవిణ్ణి?" అని నేనే ఫోన్ చేయించి, స్పీకర్ మీద పెట్టించాను. లచ్చన్న తడబడుతూ చెప్పాడు. ఓటీ లేదు, కిస్తీ కట్టలేదు, ఫ్లాట్ అద్దెకిచ్చి మీరు మెట్‌పల్లి పోవాల్సి రావచ్చు.

అవతలినుంచి లత అంది: "గీ ముచ్చట ముందుగల చెప్పొద్దా? నేను గీడ ఎట్లుంటున్ననో నీకెర్కనా? ఆ గేటు కాడ నన్ను పనోళ్ళ దారిల పొమ్మంటరు. దినాం పేరు రాపిచ్చుకుంటరు. లిఫ్ట్‌ల ఒకామె ఏ ఫ్లాట్ల పనిజేస్తున్నవ్ అని అడిగింది. నువ్వు ఎండల పైపుల మీద ఏలాడుకుంట కొన్న ఇల్లాయె, నచ్చలేదని ఎట్ల చెప్పుదునయ్యా?"

లచ్చన్న మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. టిష్యూలు లేవు, కొంగే దిక్కయింది. ఆవిడ ఆయన కోసం, ఆయన ఆవిడ కోసం, ఇద్దరికీ పడని ఇంటిని ఇద్దరూ మోస్తున్నారు. నేను చూసిన అప్పుల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో చెప్పలేను. అందుకే అంటున్నాను, ఒక్కరితోనే మాట్లాడి ఫైలు మూసేయకండి. ఇంటికి ఫోన్ చేయించండి.

నా సంతకం కూడా ఉంది

మాట పెళ్ళాం మొగుడి మధ్య కుదిరింది కానీ పెద్దాఫీసు ఒప్పుకోవాలి. అప్పు గడువు పెంచండి, అద్దె నేరుగా అప్పు ఖాతాకే వస్తుంది, వేలం ఆపండి అని రాశాం. అక్కడి అధికారి ఫోన్లో, "ఆ జిల్లాల లేబర్ సంగతి మాకు తెలుసు. జీతం ఎక్కువ చూపిస్తారు, తర్వాత ఫోన్ ఎత్తరు. వేలం వెయ్యండి" అన్నాడు. ఆయన తెలుగువాడే. అందుకు నాకు ఇంకా మండింది.

ముదీర్ ఇంగ్లీషులోకి దిగారు, అంటే కోపం వచ్చిందన్నమాట. "ఆయన ఎక్కువ చూపించలేదు. జీతం వేరే, ఓటీ వేరే రాసిచ్చాడు. కలిపింది మనం. కలిపిన కాగితం మీద నా సంతకం ఉంది. ఆయన ఇల్లు వేలం వేసేముందు, ఈ లెక్క తప్పని రాసి నాకు మెమో ఇవ్వండి. ఇద్దరం కలిసి సంజాయిషీ చెప్పుకుంటాం."

అవతల అధికారికి మెమో రాసే ధైర్యం లేదు. రాస్తే పద్ధతి పెట్టిన వాళ్ళ పేర్లూ వస్తాయి. కొన్ని వారాలు నానబెట్టి ఒప్పుకున్నారు. లత మెట్‌పల్లి వెళ్ళింది. ఫ్లాట్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్ళు అద్దెకి దిగారు. మిగిలిన కిస్తీ లచ్చన్న ఓటీ లేని జీతంలోంచే సరిపెట్టాడు. ఆ తర్వాత మా ఆఫీసులో ఓటీని జీతంలో కలపడం ముదీర్ ఆపించారు. మా టార్గెట్లు పడిపోయాయి, ఆయనకి రావాల్సిన పెద్ద కుర్చీ రాలేదు. ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు, నేనే అంటున్నాను.

అందరి ఇళ్ళూ ఇలా నిలబడలేదు. వేలానికి పోయినవీ ఉన్నాయి, వాటి తలుపులు నాకు ఇప్పటికీ గుర్తే. అయినా ఈ ఉద్యోగం మీద నాకు కోపం లేదు. మంచి మనిషి కింద పనిచేసే అదృష్టం అందరికీ రాదు. నాకు పరాయి దేశంలో వచ్చింది. ఆ దేశానికీ, ఆయనకీ నేను ఋణపడి ఉన్నాను, ఈ ఋణానికి మాత్రం గడువు పెంచమని ఎవర్నీ అడగను.

గేటు దగ్గర

నేను రిటైరై హైదరాబాద్ వచ్చేశాను. ముదీర్ కూడా రిటైరయ్యారు. ఈమధ్య మోకాలి చికిత్సకి ఇక్కడి ఆస్పత్రికి వచ్చారు. అదే సమయానికి లచ్చన్న గల్ఫ్ వదిలేసి తిరిగొచ్చి, ఇక్కడే ఒక సైట్‌లో సూపర్‌వైజర్‌గా చేరాడు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశారు. కిస్తీలు ఇంకా కొన్ని ఉన్నాయి కానీ జీతానికి అందేవే. అప్పుడు తను లేకుండా జరిగిన గృహప్రవేశం ఇప్పుడు తనుండగా మళ్ళీ చేస్తానని, మమ్మల్ని రమ్మన్నాడు.

నేనూ ముదీర్ ఆటో దిగి గేటు దగ్గరికి వెళ్ళాం. ముదీర్ ప్యాంటు, చొక్కాలో కర్ర పట్టుకుని ఉన్నారు. కాపలా మనిషి నాకు దారి వదిలి, ఆయనకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేడం, మీరు పోండ్రి. గాయన ఆగాలె. పాస్‌పోర్ట్ చూపియ్యాలె, పేరు రాయాలె."

నేను నోరు తెరిచేలోపు లత వచ్చింది. పట్టుచీర, తడి పసుపు పాదాలు, మాకోసం ఎదురుచూస్తూ వచ్చినట్టుంది. గొంతు పెంచలేదు.

"అన్నా, నన్ను గిట్లనే ఆపినవ్, ఊకున్న. ఈయన్ని ఆపకు. ఈయన లేకుంటే గీ గేటు లోపల మాకు ఇల్లే లేదు" అంది.

కాపలా మనిషి చెయ్యి దించాడు. లత పనివాళ్ళ దారి వైపు కాకుండా, కార్లు వెళ్ళే పెద్ద గేటు రెండు తలుపులూ తీయించి, ముదీర్ కుంటుకుంటూ నడుస్తుంటే ఆయన పక్కన తనూ నెమ్మదిగా నడిచింది.

ఇంట్లో మెట్‌పల్లి చుట్టాలు, నిండా జనం. మోకాలి మందులు వేసుకోవాలని, పూజ అవ్వకముందే ముదీర్‌ని కుర్చీలో కూర్చోబెట్టి ప్లేటులో భోజనం పెట్టారు. పుంటికూర పప్పు ఉంది, మళ్ళీ ఒక కన్ను మూసుకుని తిన్నారు. తినడం అయ్యాక ప్లేటు పట్టుకుని లేవబోయి, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశారు. అవతల గదిలో పీటల మీద కూర్చుని, కొత్త పంచె, నుదుట బొట్టుతో పంతులు చెప్పింది చేస్తున్న లచ్చన్న అది చూశాడు. పంతులు ఆగమంటున్నా లేచి వచ్చి, రెండు చేతులూ చాచి ఆ ఎంగిలి ప్లేటు అందుకున్నాడు.

"ఇటు తేండ్రి సార్" అన్నాడు. "ఇది నా డ్యూటీ."